పత్తికట్టె నుంచి ద్రావణి

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పండే పత్తి, మిరప పంటల ధరల గురించీ తెగుళ్ల గురించీ ఏటా ఎంతో చర్చ జరుగుతుంది కానీ, ఆ పంటలు యార్డు దాటిన తరువాత రసాయన పరిశ్రమలో ఏ రూపం దాలుస్తాయన్న విషయం సాధారణ పాఠకుల దృష్టికి అంతగా రాదు. జిన్నింగ్ మిల్లులో దూది వేరయ్యాక మిగిలిన గింజ నూనె మిల్లుకు వెళుతుంది. శీతల గిడ్డంగుల నుంచి బయటికి వచ్చిన మిరపకాయల్లో కొంత భాగం కారంపొడిగా కాక, ఓలియోరెజిన్ అనే చిక్కని ఎర్రని సారంగా మారి, మసాలా, చిరుతిళ్ల కంపెనీలకూ మందుల తయారీకీ ఎగుమతి అవుతుంది. ఈ రెండు చోట్లా అసలు పని చేసేది యంత్రం కాదు, ద్రావణి. అంటే తనలో మరో పదార్థాన్ని కరిగించుకుని, పని పూర్తయ్యాక దాన్ని విడిచిపెట్టి తాను వేరుగా తిరిగి రాగల ద్రవం. ఆ ద్రవం ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని మరిగించడానికి కావలసిన వేడి ఎక్కడి నుంచి వస్తుంది అన్న రెండు ప్రశ్నలే ఇవాళ హరిత రసాయనశాస్త్రానికి కేంద్రంగా ఉన్నాయి. వాటికి దొరికే సమాధానాల్లో ఒకటి, ఏటా ఈ మైదానాల్లో చేలగట్ల మీద కాలిపోతున్న పత్తికట్టెలో ఉంది.

నూనె మిల్లుల్లో ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ద్రావణి హెక్సేన్. ఇది పెట్రోలియం శుద్ధిలో వచ్చే తేలికపాటి ద్రవం. 69 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది, నూనెను సులువుగా కరిగించుకుంటుంది, ధర తక్కువ, మరిగించి చల్లబరిస్తే చాలావరకు తిరిగి చేతికి వస్తుంది. గానుగలోనో ఎక్స్‌పెల్లర్‌లోనో ఎంత పిండినా చెక్కలో మిగిలిపోయే నూనెను హెక్సేన్ దాదాపు పూర్తిగా లాగేస్తుంది కాబట్టే అది ఇంతకాలం నిలిచింది. కానీ సున్నా కంటే ఇరవై డిగ్రీలకు పైగా తక్కువ ఉష్ణోగ్రతలో కూడా దాని ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. అంతకంటే పెద్ద చిక్కు, దాన్ని ఏళ్ల తరబడి పీల్చే కార్మికుల విషయంలో వస్తుంది: శరీరంలో ఇది 2,5-హెక్సేన్‌డయోన్ అనే పదార్థంగా మారి, కాళ్లూ చేతుల నరాలను దెబ్బతీస్తుందని వైద్యశాస్త్రం నిర్ధారించింది. ఎంత జాగ్రత్తగా తిరిగి పట్టుకున్నా ప్రతి విడతలోనూ కొంత గాలిలో కలుస్తుంది. ఆ లోటును పూడ్చడానికి మళ్లీ పెట్రోలియం నుంచే తెచ్చుకోవాలి.

మిరప సారం తీసే పద్ధతిని కాస్త దగ్గరగా చూస్తే ద్రావణి ప్రాముఖ్యం ఇంకా తెలుస్తుంది. కేరళలోని కొలెంచేరిలో 1972లో సి.వి.జేకబ్ స్థాపించిన ఓలియోరెజిన్ తయారీ సంస్థ సింథైట్‌కు ఒంగోలు ప్రాంతంలోనూ ఒక కర్మాగారం ఉండటం, ఎడ్లపాడు మండలం వంకాయలపాడు దగ్గర స్పైసెస్ బోర్డు పార్కును ఏర్పాటు చేయడం, ఈ పరిశ్రమ పంట దగ్గరికే నడిచి వచ్చిందనడానికి గుర్తులు. ఇటువంటి కర్మాగారాల్లో ముందుగా, ముచ్చిక తీసిన ఎండుకాయను పొడి చేస్తారు. మెత్తని పొడిలో ద్రావణి దారి దొరక్క నిలిచిపోతుంది కాబట్టి దాన్ని చిన్న చిన్న గుళికలుగా అదిమి, పొడవాటి స్టీలు పాత్రల్లో నింపుతారు. పైనుంచి వదిలిన ద్రావణి గుళికల మధ్యగా జారుతూ రంగునూ కారాన్నీ నూనెనూ కరిగించుకుని, ఒక పాత్ర నుంచి మరో పాత్రకు వెళ్లేకొద్దీ చిక్కబడుతుంది. మిసెల్లా అని పిలిచే ఈ ఎర్రని ద్రవాన్ని వేడిచేసి ద్రావణిని ఆవిరిగా తరిమి, చివరి ఆనవాళ్లను గాలి తీసేసిన పాత్రల్లో తక్కువ వేడి మీద లాగుతారు. అప్పుడు అడుగున మిగిలేది లేతపాకంలా సాగే ఓలియోరెజిన్. తేజ రకం కాయను కారం కోసం, బ్యాడిగి వంటి రకాలను రంగు కోసం ఎంచుకుంటారు. ఒకే సారంలో ఉన్న రంగునూ కారాన్నీ మళ్లీ విడదీయవలసివస్తే, కారానికి కారణమైన క్యాప్సైసిన్ ఆల్కహాలులో బాగా కరుగుతుందనీ, ఎరుపుకు కారణమైన క్యాప్సాంథిన్ నూనె వైపే ఉండిపోతుందనీ తెలిసిన జ్ఞానం పనికివస్తుంది.

ఇలా తీసిన సారంలో ద్రావణి ఆనవాళ్లు ఎంతవరకు ఉండవచ్చో కొనే దేశాలు చట్టంలో రాసుకున్నాయి. మసాలా ఓలియోరెజిన్లలో హెక్సేన్ పది లక్షల భాగాలకు 25 భాగాలు, మరో ద్రావణి అసిటోన్ 30 భాగాలు మించరాదని అమెరికా ఆహార నిబంధన. వంటనూనెల్లో కిలోకు ఒక మిల్లీగ్రాము మించి హెక్సేన్ ఉండరాదని యూరోపియన్ యూనియన్ నిబంధన. ఎగుమతి మీద బతికే పంటకు ఈ అంకెలు ధరతో సమానమైనవి.

హరిత ద్రావణులుగా పేరు పొందినవాటిలో మొదట చెప్పవలసింది కార్బన్ డయాక్సైడ్. ప్రతి వాయువుకూ సందిగ్ధ ఉష్ణోగ్రత అనే హద్దు ఒకటి ఉంటుంది. ఆ హద్దు పైన ఎంత ఒత్తిడి పెట్టినా వాయువు ద్రవంగా మారదు, కానీ ద్రవంలా కరిగించుకునే శక్తినీ వాయువులా సందుల్లోకి చొరబడే గుణాన్నీ ఒకేసారి సంతరించుకుంటుంది. దీన్నే సూపర్‌క్రిటికల్ స్థితి అంటారు. కార్బన్ డయాక్సైడ్‌కు ఈ హద్దు 31 డిగ్రీల సెల్సియస్ మాత్రమే, అంటే వేసవిలో గుంటూరు నీడలో ఉండే వేడి కంటే ఎంతో తక్కువ. కావలసిందల్లా ఒత్తిడి: కనీసం వాతావరణ పీడనానికి సుమారు 73 రెట్లు, మిరప రంగు కూడా దిగాలంటే అంతకు కొన్ని రెట్లు. జర్మనీలోని ముల్‌హైమ్‌లో కుర్ట్ జోసెల్ 1960ల్లో చేసిన పరిశోధన ఫలితంగా ఈ పద్ధతి కాఫీ గింజల నుంచి కెఫీన్ తీసేందుకు పరిశ్రమలోకి వచ్చింది, ఆ తరువాత మసాలాలకు విస్తరించింది. ఒత్తిడి తగ్గించగానే ద్రావణి తనంతట తాను వాయువై వెళ్లిపోతుంది కాబట్టి సారంలో ఆనవాలు కూడా మిగలదు, సున్నితమైన వాసనలు మాడిపోవు. అయితే అంత ఒత్తిడిని తట్టుకునే మందపాటి ఉక్కు పాత్రలు, పంపులు ఖరీదైనవి; అందుకే ఈ పద్ధతి విలువైన సారాలకు నప్పినంతగా టన్నులకొద్దీ పత్తిగింజలకు నప్పలేదు. పత్తిగింజ నూనె వంటి చౌక సరుకుకు సాధారణ పీడనంలో పనిచేసే, హెక్సేన్ యంత్రాల్లోనే పెద్ద మార్పులు లేకుండా ఇమిడే ద్రావణి కావాలి.

అటువంటి ద్రావణి 2-మిథైల్ ఆక్సోలేన్. రసాయన గ్రంథాల్లో 2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే పేరుతోనూ కనిపిస్తుంది. ఇది 80 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నూనెలనూ రంగులనూ బాగా కరిగించుకుంటుంది. 2023 జనవరిలో యూరోపియన్ యూనియన్ దీన్ని ఆహార పదార్థాల నుంచి సారం తీసే ద్రావణుల జాబితాలో చేర్చింది. దీని పుట్టుకే ఈ వ్యాసానికి ముఖ్యమైనది. పెట్రోలియంతో పని లేకుండా, చెరకు పిప్పి, మొక్కజొన్న కండె, ఊక, కట్టె వంటి వ్యవసాయ వ్యర్థాల నుంచి దీన్ని తయారుచేస్తారు. మొక్కల కణాల గోడల్లో సెల్యులోజ్‌తో పాటు హెమీసెల్యులోజ్ అనే మరో పదార్థం ఉంటుంది. దాన్ని ఆమ్లం సమక్షంలో వేడి ఆవిరితో ఉడికిస్తే అందులోని అయిదు కార్బన్ల చక్కెరలు నీటిని కోల్పోయి ఫర్‌ఫ్యూరాల్ అనే ఘాటైన ద్రవంగా మారుతాయి; 2-మిథైల్ ఆక్సోలేన్‌కు ముడిపదార్థం ఇదే. అమెరికాలో క్వేకర్ ఓట్స్ కంపెనీ, తన మిల్లులో గుట్టలుగా పేరుకుపోయిన ఓట్స్ పొట్టును ఏం చేయాలో తోచక, 1920ల మొదట్లో ఫర్‌ఫ్యూరాల్‌ను వ్యాపార స్థాయిలో తయారుచేయడం ప్రారంభించింది.

పేరుకుపోయే పొట్టు స్థానంలో ఇక్కడ పత్తికట్టె ఉంది. గులాబీ రంగు పురుగు జీవితచక్రం తెగాలంటే చివరి తీత కాగానే పత్తి మోళ్లను పొలంలో ఉంచకూడదని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతూనే ఉన్నారు. ఎలాగూ పీకవలసిన కట్టెను, తరువాతి పంటకు తొందర కాబట్టి, చాలామంది రైతులు గట్టు మీదే తగలబెడుతున్నారు. పత్తి సాంకేతికతపై పనిచేసే ముంబయిలోని కేంద్ర పరిశోధన సంస్థ, సిర్కాట్, పత్తికట్టెతో అట్టపలకలూ ఇంధన గుళికలూ తయారుచేసే పద్ధతులను రూపొందించింది, దానికి గుంటూరులోనూ ప్రాంతీయ విభాగం ఉంది. కట్టెలో చెక్కకు దీటైన గట్టిదనంతో పాటు ఫర్‌ఫ్యూరాల్‌కు కావలసిన హెమీసెల్యులోజ్ కూడా ఉన్నదన్న సంగతికి ఇంకా తగినంత విలువ దక్కలేదు. పొలంలో పొగగా పోతున్న ముడిసరుకే ఆ పొలంలోని గింజ నుంచి నూనె తీయగలిగిన ద్రావణికి మూలం కావడం ఆషామాషీ విషయం కాదు.

ఫర్‌ఫ్యూరాల్ నుంచి ద్రావణి దాకా వెళ్లే దారిలో ఉత్ప్రేరకం అడుగుపెడుతుంది. రసాయన చర్యలో తాను ఖర్చయిపోకుండా, ఆ చర్య తక్కువ శక్తితో, కావలసిన దిశలో జరిగేలా చేసే పదార్థమే ఉత్ప్రేరకం. ఫర్‌ఫ్యూరాల్‌కు హైడ్రోజన్‌ను కలపడానికి రాగి ఉత్ప్రేరకం మీద ఒక అడుగు, ఆపైన నికెల్ వంటి లోహం మీద మరో అడుగు పడితే 2-మిథైల్ ఆక్సోలేన్ వస్తుంది. ఇందులో నికెల్ కథకు పత్తిగింజతో పాత చుట్టరికం ఉంది. నూనెకు హైడ్రోజన్ కలిపి గట్టిపరచే పద్ధతికి జర్మనీలో విల్హెల్మ్ నార్మన్ 1902లో పేటెంట్ పొందాడు. 1911లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన క్రిస్కో ఇలా గడ్డకట్టించిన పత్తిగింజ నూనే. లోహాల మీద హైడ్రోజన్ కలిపే విద్యకు పునాది వేసిన పాల్ సబాత్యేకు 1912లో నోబెల్ బహుమతి లభించింది. టెనెసీలో నూనె కంపెనీలో పనిచేసిన మర్రే రానీ అనే ఇంజనీరు 1924లో నికెల్, సిలికాన్ కలిపిన మిశ్రలోహాన్ని క్షారంతో కడిగి, పత్తిగింజ నూనె మీద అప్పటి ఉత్తమ ఉత్ప్రేరకం కంటే అయిదు రెట్లు చురుకైన రూపాన్ని సాధించాడు. తరువాత సిలికాన్ స్థానంలో అల్యూమినియం వచ్చింది. రానీ నికెల్‌గా ప్రపంచమంతా ఎరిగిన ఈ ఉత్ప్రేరకం ఇవాళ్టికీ మందుల తయారీ నుంచి నైలాన్ దాకా వాడుకలో ఉంది.

రాగి అడుగులో ఒక చిక్కుంది. పరిశ్రమలో దశాబ్దాలుగా వాడుతున్నది కాపర్ క్రోమైట్. దానిలోని క్రోమియం పనైపోయాక పారవేసినప్పుడు నేలకూ నీటికీ విషం కాగలదు. ద్రావణిని హరితమని పిలుస్తూ, దాన్ని పుట్టించే ఉత్ప్రేరకం విషమైతే ఆ పేరు నిలవదు. ఈ చిక్కు విప్పే దిశగా తెలుగునేల మీదే మంచి పని జరిగింది. హైదరాబాద్‌లో 1944లో ప్రారంభమైన ప్రయోగశాల నుంచి ఎదిగిన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీలో, కె.ఎస్.రామారావు బృందం 2003లో క్రోమియం అవసరం లేకుండా, మెగ్నీషియం ఆక్సైడ్ మీద పరచిన రాగితో ఫర్‌ఫ్యూరాల్ ఆవిరికి హైడ్రోజన్ కలిపి, ద్రావణి దారిలోని మధ్య పదార్థమైన ఫర్‌ఫ్యూరైల్ ఆల్కహాల్‌గా సమర్థంగా మార్చవచ్చని ప్రచురించింది. రాగీ మెగ్నీషియం ఆక్సైడూ రెండూ సాదా పదార్థాలు. పత్తికట్టె దారిలోని అత్యంత ఇబ్బందికరమైన మజిలీకి సమాధానాన్ని గుంటూరుకు మూడు వందల కిలోమీటర్ల లోపున ఉన్న ప్రయోగశాల రెండు దశాబ్దాల కిందటే చూపిందన్న మాట.

ఐఐసీటీ పేరు హరిత ఉత్ప్రేరణలో మరో కారణానికి కూడా చెప్పుకోవాలి. 2002లో బి.ఎం.చౌదరి, ఎం.లక్ష్మీకాంతం, వారి సహచరులు అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, ఉత్ప్రేరకం, ద్రావణి, శక్తి గురించి ఈ రంగంలో ఉన్న మూడు ఆలోచనలూ ఒకే చోట కలిశాయి. వారు తీసుకున్న చర్య పెల్లేడియం లోహం సాయంతో రెండు కార్బన్ పరమాణువులను జోడించే హెక్ చర్య; దీనికీ దీని సోదర చర్యలకీ 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ వచ్చింది. పెల్లేడియం ఖరీదైనది, ద్రవంలో కరిగి ఉంటే తయారవుతున్న మందులోకి జారుతుంది, తిరిగి రాదు. అందుకని వారు మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే, బంకమన్నును పోలిన ఘనపదార్థం మీద పెల్లేడియాన్ని అతిసూక్ష్మ రేణువులుగా నిలిపారు. ఘనపదార్థాన్ని వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు; క్షారగుణం ఆ పొరలకే ఉంది కాబట్టి పెల్లేడియానికి తోడుగా వేరే ఖరీదైన పదార్థాలు చేర్చవలసిన పని తప్పింది. ద్రావణిగా అయానిక ద్రవాన్ని, అంటే లవణమే అయినా తక్కువ వేడికే ద్రవంగా మారి, ఆవిరై గాలిలో కలవని పదార్థాన్ని వాడారు. వేడికి బదులు మైక్రోవేవ్‌లను ప్రయోగించగా చర్య వేగం ఎన్నో రెట్లు పెరిగింది. చవకగా దొరికినా ఒక పట్టాన లొంగని క్లోరోఎరీన్లు అనే ముడిపదార్థాలు కూడా ఇలా లొంగాయి. లక్ష్మీకాంతం తరువాత ఐఐసీటీకి తొలి మహిళా డైరెక్టర్ అయ్యారు.

ఆవిరి కాదన్న ఒక్క గుణంతో అయానిక ద్రవాలన్నిటినీ హరితమని అప్పట్లో ప్రపంచమంతా మెచ్చుకుంది. వాటిలో కొన్ని నీటిలోని జీవులకు హాని చేస్తాయనీ, త్వరగా విచ్ఛిన్నం కావనీ ఆ తరువాతి పరీక్షల్లో తేలింది. ద్రావణి హరితమా కాదా అన్నది సీసాలో ఉన్న ద్రవాన్ని చూసి తేల్చేది కాదు. అది పుట్టిన ముడిసరుకు, దాన్ని శుద్ధి చేయడానికి పట్టిన వేడి, వాడాక తిరిగి వచ్చే శాతం, పారబోసినచోట జరిగే పరిణామం, ఇవన్నీ కలిపి చూడాలి. రోజర్ షెల్డన్ 1992లో ప్రతిపాదించిన ఇ-ఫ్యాక్టర్ ఈ లెక్కకు సులువైన సాధనం: కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం మిగిలిందన్నదే ఆ కొలత. భారీ రసాయనాల్లో ఇది ఒకటికి లోపు నుంచి అయిదు దాకా ఉంటే, ఔషధాల్లో పాతిక నుంచి వంద దాటుతుంది, ఆ వ్యర్థంలో సింహభాగం ద్రావణులదే. 1980, 90లలో పటాన్‌చెరు చుట్టుపక్కల మందుల, రసాయన పరిశ్రమల నుంచి నక్కవాగు మీద వచ్చిపడిన కాలుష్యం, సుప్రీంకోర్టు దాకా నడిచిన ఆ వివాదం గుర్తున్న తెలుగువారికి ఈ అంకె వెనుక ఎన్ని చెరువులూ పొలాలూ ఉన్నాయో వేరుగా చెప్పనక్కరలేదు.

శక్తి విషయానికి వస్తే, మైక్రోవేవ్ చర్యలు 1986లో రెండు పరిశోధక బృందాల ప్రచురణలతో వెలుగులోకి వచ్చాయి. మైక్రోవేవ్‌లు నీరు, ఆల్కహాల్ వంటి ధ్రువ పదార్థాల అణువులను నేరుగా కదిలించి వేడెక్కిస్తాయి, హెక్సేన్‌ను మాత్రం దాదాపు తాకకుండానే దాటిపోతాయి. మిరప ముక్కల లోపల మిగిలిన తేమ ముందుగా వేడెక్కి కణాల గోడలను పగలగొడితే సారం త్వరగా బయటికి వస్తుంది. అతిధ్వనులైతే ద్రవంలో కంటికి కనబడనంత చిన్న బుడగలను పుట్టించి పగలగొడతాయి. బుడగ పగిలిన ఆ బిందువు దగ్గర క్షణంలో అతిచిన్న భాగం పాటు వేల డిగ్రీల వేడి పుడుతుంది. నూనెనూ మిథనాల్‌నూ కలిపి బయోడీజిల్ చేసేటప్పుడు ఒకదానిలో ఒకటి కలవని ఈ ద్రవాలు ఇలా బాగా కలుస్తాయి. ఈ బయోడీజిల్ తయారీలోనే పక్కన మిగిలే గ్లిసరాల్‌ను బొగ్గుగా మార్చి, దాన్నే ఆమ్ల ఉత్ప్రేరకంగా తిరిగి వాడే పద్ధతిని ఐఐసీటీలో బి.ఎల్.ఎ.ప్రభావతీదేవి బృందం 2009లో వెలువరించింది.

అయితే మైక్రోవేవ్‌కైనా అతిధ్వనికైనా విద్యుత్తు కావాలి. ఆ విద్యుత్తు బొగ్గు నుంచి వస్తే లాభం తరుగుతుంది. అదే సమయంలో, ద్రావణిని మరిగించి తిరిగి పట్టడానికి అవసరమైన వేడి 70, 80 డిగ్రీల పరిధిలోనిదే కావడం ఈ ప్రాంతానికి కలిసివచ్చే సంగతి. కల్లాల్లో మిరపను ఎండబెట్టే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉండే ఎండ, అద్దాలతోనో గొట్టాలతోనో పట్టుకుంటే నీటిని ఆ స్థాయికి వేడిచేయగలదు. కాయను నేల మీద కాక మూసిన సౌర డ్రయర్లలో ఆరబెడితే దుమ్మూ బూజూ తగ్గుతాయి, బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ బెడద తగ్గుతుంది, నేరుగా ఎండ తగిలి రంగు వెలిసిపోవడమూ తగ్గుతుంది; తాలుకాయ కింద పోయే భాగం తగ్గితే రైతుకు నేరుగా లాభం. ఇక సూర్యకాంతితోనే చర్యలు నడపాలన్న ఆలోచనను ఇటలీ రసాయనవేత్త జాకొమో చామీచియన్ 1912లోనే ప్రకటించాడు. టైటానియం డయాక్సైడ్ మీద కాంతి పడితే నీరు విడిపోతుందని 1972లో ఫుజిషిమా, హోండా చూపారు. నీటిలో మిగిలిన పురుగుమందుల అవశేషాలను కాంతి ఉత్ప్రేరకాలతో విచ్ఛిన్నం చేయడం మీద కూడా ఐఐసీటీలో పరిశోధన జరిగింది. పత్తికి కొట్టే మందులు కాలువల్లోకి చేరే ప్రాంతానికి దాని అవసరం ఎక్కువ.

పత్తికట్టె నుంచి ద్రావణి తీసే పథకానికి తేలాల్సిన చిక్కులు మిగిలే ఉన్నాయి. ఫర్‌ఫ్యూరాల్ తయారీకి దాని బరువుకు ఎన్నో రెట్లు ఆవిరి కావాలి; ఉడికించాక మిగిలిన కట్టె పిప్పినే బాయిలర్‌లో కాల్చుకుంటే తప్ప లెక్క కుదరదు. గంధకామ్లం బదులు ఘన ఆమ్ల ఉత్ప్రేరకాలు వస్తే మురుగు తగ్గుతుంది కానీ, కట్టెలోని లిగ్నిన్, చక్కెరల నుంచి పుట్టే తారు వాటిని త్వరగా మూసేస్తుంది. 2-మిథైల్ ఆక్సోలేన్ కొంత నీటిలో కరుగుతుంది, నీటితో కలిసే ఆవిరవుతుంది, కాబట్టి హెక్సేన్‌లా పైపైన తేర్చి తీసుకోవడం కుదరదు, వేరే శుద్ధి కావాలి. గాలి తగులుతూ నిలవ ఉంటే పెరాక్సైడ్లు చేరి ప్రమాదం తెస్తుంది. అంటుకునే గుణంలో అది హెక్సేన్ కంటే కొంత నయమే కానీ నిరపాయం కాదు. పత్తిగింజలో ఉండే గాసిపాల్ అనే పసుపు పదార్థం ధ్రువ స్వభావం హెచ్చయిన ద్రావణుల్లో ఎక్కువగా దిగుతుంది కాబట్టి నూనెను శుద్ధి చేసే పని పెరుగుతుంది, కానీ నూనె తీసిన పిండిలో గాసిపాల్ తగ్గితే అది కోళ్లకూ చేపలకూ మేతగా మరింత పనికివస్తుంది. కట్టెను పొలాల నుంచి చేరవేసే ఖర్చు వీటన్నిటి కంటే గట్టి అడ్డంకి: తేలికగా, గుబురుగా ఉండే కంపను దూరం మోస్తే డీజిల్ ఖర్చే సరుకు విలువను మింగుతుంది కాబట్టి, ఊరిలోనే ముక్కలు చేసి అదిమే యంత్రం ఉండాలి, ఫర్‌ఫ్యూరాల్ యూనిట్ జిన్నింగ్ మిల్లులూ నూనె మిల్లులూ ఉన్న నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు పరిసరాల్లోనే ఉండాలి. పత్తి మోళ్లు పీకే జనవరి, ఫిబ్రవరి నెలల్లో కట్టె చేరి, మిరప యార్డుకు వచ్చే ఫిబ్రవరి, మార్చిలో ద్రావణి అవసరం మొదలవుతుంది. ఆ రెండు తేదీల మధ్య ఉన్న కొద్ది వారాల్లో సరుకును వానకూ చెదకూ దూరంగా నిలవ చేయగల గోదాములు ఇప్పటికి ఈ జిల్లాల్లో దూదికీ మిరపకూ ఉన్నాయి కానీ, కట్టెకు లేవు.